వచ్చిన మాట పోతే

శ్రోతలకు నమస్కారం. ఈ రోజు మీకు హుదా జోగ్బీ అనే డాక్టరు గురించి చెబుతాను. పుట్టింది లెబనాన్‌లోని బేరూత్‌లో. అక్కడ మెడిసిన్‌లో చేరిన కొత్తలోనే, 1975లో, అంతర్యుద్ధం వచ్చిపడింది. అమెరికా వెళ్ళి చదువు పూర్తిచేశారు. హ్యూస్టన్‌లోని బేలర్ కాలేజీలో పిల్లల నరాల వైద్యం నేర్చుకోసాగారు.

1983లో ఆమె దగ్గరికి ఒక పాపను తీసుకొచ్చారు. పుట్టినప్పుడు ఏ లోపమూ లేదు. నడిచింది, ఆడుకుంది, మాటలొచ్చాయి. ఆ తర్వాత ఒక్కొక్కటీ పోవడం మొదలైంది. మాట పోయింది. వస్తువు పట్టుకోవడం పోయింది. రెండు చేతులూ కలిపి, తడిబట్ట పిండుతున్నట్టు, అదే పనిగా పిండుకుంటోంది. దీనికి రెట్ సిండ్రోమ్ అని పేరు. వియన్నా డాక్టరు ఆంద్రియాస్ రెట్ 1966లోనే దీని గురించి రాసినా, చాలామంది డాక్టర్లకు తెలియలేదు.

మరుసటి వారమే ఇంకో అమ్మాయి కనిపించింది. ఫైలు మీద సెరిబ్రల్ పాల్సీ అని, అంటే మెదడు దెబ్బతిని కదలికలు సరిగ్గా రాని లోపమని, రాసి ఉంది. జోగ్బీ ఆ అమ్మాయి చేతులు చూశారు. ఫైలు పక్కనపెట్టి చేతులు చూశారు. అదే పిండుకోవడం! వెంటనే క్లినిక్‌లోని పాత రికార్డులు తిరగేస్తే, వేరే పేర్లతో నమోదైన అలాంటి పిల్లలు మరికొందరు బయటపడ్డారు. ఆమె జీవితంలో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే.

ఇది జన్యువులో లోపమే అయి ఉంటుందని ఆమె నమ్మారు. చాలామంది ఒప్పుకోలేదు. కుటుంబంలో ఒక్కరికే వస్తుంటే వంశపారంపర్యం ఎలా అవుతుందన్నారు. నిజానికి దాదాపు అన్ని కేసుల్లోనూ ఆ మార్పు కొత్తగా పుడుతుంది, అదీ ఎక్కువగా తండ్రి వీర్యకణంలో. వెతగ్గా వెతగ్గా 1999లో ఆమె ల్యాబ్‌లో రూతీ అమీర్ ఆ జన్యువును పట్టుకున్నారు. ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, పేరు ఎంఈసీపీ2. మొదటి పాపను చూసిన పదహారేళ్ళకు!

ఆ పదహారేళ్ళూ ఆమె ఒక్క రెట్ మీదే కూర్చోలేదు. నడివయసులో నడక తడబడి, క్రమంగా మనిషిని మంచాన పడేసే అటాక్సియా జబ్బు ఒకటుంది. మెదడు కణాలు క్షీణించడం వల్ల వస్తుంది. దాని జన్యులోపాన్ని 1993లో ఆమె, మిన్నెసోటాలో హ్యారీ ఓర్ అనే పరిశోధకుడు ఒకే రోజున కనిపెట్టి, కలిసి ప్రకటించారు. ఆ తర్వాతి పరిశోధనల్లో తేలిన సంగతి ఒకటి నాకు గొప్పగా అనిపిస్తుంది. రెట్ జన్యువు తయారుచేయించే ప్రోటీన్ తగ్గినా జబ్బే, రెట్టింపైనా జబ్బే. అటాక్సియా ప్రోటీన్ మోతాదు మించినా మెదడు కణాలకు చేటే. మోతాదు, మోతాదు. అందుకే ఇప్పుడు మతిమరుపు జబ్బు అల్జీమర్స్‌లో కూడా హాని చేసే ప్రోటీన్ మోతాదు తగ్గించే దారులు ఆమె ల్యాబ్ వెతుకుతోంది.

రెట్ లక్షణాలు మొదలయ్యాక కూడా ఎలుకల్లో జన్యువును తిరిగి పనిచేయిస్తే అవి కోలుకున్నాయని 2007లో బ్రిటన్‌లో ఏడ్రియన్ బర్డ్ చూపించారు. 2023లో అమెరికాలో రెట్‌కి తొలి మందుకు అనుమతి వచ్చింది. జబ్బును పూర్తిగా నయం చేయదు, లక్షణాలు కొంత తగ్గిస్తుంది.

ఇక మన ఇళ్ళ సంగతి. ఇలాంటి బిడ్డ ఉంటే, కడుపుతో ఉన్నప్పుడు గ్రహణంలో బయటికొచ్చావని తల్లినే అంటారు. ఆ మాట వినడానికే నాకు బాధగా ఉంటుంది. అమ్మా, నీ వల్ల రాలేదు.

రెండో మాట. పిల్లలకు మాటలు రాకపోతే, "వాళ్ళ నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయిలే" అని ఊరుకుంటాం. ఆలస్యమైనా చూపించాల్సిందే. వచ్చిన మాట పోతే మాత్రం ఒక్కరోజు కూడా ఆగొద్దు. వచ్చిన మాట పోవడం ఆటిజంలోనూ ఉంటుంది, రెట్‌లోనూ ఉంటుంది. రెట్‌లో వచ్చిన చేతిపని కూడా పోతుంది. ఏదో తేల్చాల్సింది డాక్టరే. చాలా జిల్లా ఆసుపత్రుల్లో పిల్లల ఎదుగుదల లోపాలు చూసే డైక్ (డీఈఐసీ) అనే కేంద్రం ఉంటుంది, అక్కడ అడగండి. వెళ్ళేటప్పుడు ఫోన్‌లో రెండు వీడియోలు పెట్టుకోండి. బిడ్డ మాట్లాడుతూ చెంచా పట్టుకున్న పాతదొకటి, ఇప్పటిదొకటి. పాతదాని తేదీ కూడా డాక్టరుకి చెప్పండి.