గేటు ముందర చెప్పులు

శ్రోతలందరికీ నమస్కారం. ఈరోజు ఒక రకం డాక్యుమెంటరీల గురించి మాట్లాడాలనుకుంటున్నాను. ఎక్కడినుంచో ఒక గురువు వస్తాడు, ఆయన వెంట వందలమంది భక్తులు వస్తారు, ఒక చిన్న ఊరి పక్కన భూమి కొని స్థిరపడతారు. ఏడాది తిరిగేసరికి ఊరికీ వాళ్లకీ పడదు, ఆఖరికి కోర్టులు, పోలీసులు. ఓటీటీలు వచ్చాక ఇలాంటివి మన ఇళ్లలోనూ బాగానే చూస్తున్నారు.

తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్లకి ఇవి వేరేగా తగుల్తాయి. ఆటో ఎక్కితే డ్రైవర్ మనల్నే స్వామీ అంటాడు, ఏ రోడ్డు పట్టుకుని పోయినా ఏదో ఒక మఠమో ఆశ్రమమో ధ్యానమందిరమో కనపడుతుంది. కొత్త గురువు వచ్చాడంటే మనం ఉలిక్కిపడం. అయినా వైల్డ్ వైల్డ్ కంట్రీ అనే డాక్యుమెంటరీ చూశాక నాకు రెండు రోజులు నిద్ర సరిగ్గా పట్టలేదు.

2018లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, ఆరు భాగాలు. 1981లో రజనీష్ అనే గురువు, అదే తర్వాత ఓషో అని పేరుపడిన ఆయన, మనుషులు అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో 64,000 ఎకరాల పశువుల మేత భూమి కొని, రజనీష్‌పురం అని ఒక పట్టణమే కట్టారు. రోడ్లు వేశారు, పంటలు పండించారు, ఆనకట్ట కట్టి చెరువు నింపారు. ఆ చెరువుకి పెట్టిన పేరు కృష్ణమూర్తి. మన మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తే. తన కోసం పెట్టిన సంఘాన్ని 1929లో తానే రద్దు చేసి, ఎవరూ నా వెంట రావద్దన్న మనిషి పేరు అక్కడ ఒక గురువుగారి పట్టణంలో చెరువుకి ఉందంటే, ఆ మాట తెలిసిన దగ్గర్నుంచి నా మనసులో మెదులుతూనే ఉంది.

మొదటిసారి అందరిలాగే నేనూ షీలా కోసమే చూశాను. రజనీష్‌కి కార్యదర్శిగా ఆ పట్టణాన్ని నడిపిన మనిషి, ఆమె మాట్లాడుతుంటే కళ్లు తిప్పుకోలేం. రెండోసారి మాత్రం పక్క ఊరివాళ్లను చూశాను. ఆ ఊరు పేరు యాంటిలోప్. నిండా యాభై మంది కూడా లేరు, అందులోనూ ఎక్కువమంది రిటైరైన ముసలివాళ్లు. పాపం వాళ్లు కోరుకున్నది ప్రశాంతంగా బతకడం.

గొడవ మొదలైంది దేవుడి దగ్గర కాదు, ఇది గమనించండి. ఆరెగాన్‌లో వ్యవసాయ భూమిని పట్టణంగా మార్చడానికి చట్టం అంత తేలిగ్గా ఒప్పుకోదు. వ్యవసాయానికి సంబంధం లేని పనులకి జాగా కావాలని ఆశ్రమంవాళ్లు యాంటిలోప్‌లో ఇళ్లు కొనడం మొదలుపెట్టారు. ఊరివాళ్లకి భయం పట్టుకుంది. 1982లో అసలు మా ఊరికి పురపాలక హోదానే వద్దు, రద్దు చేసుకుంటాం అని ఓటు పెట్టారు. అప్పటికే కొత్తవాళ్ల ఓట్లు ఎక్కువైపోయాయి, ఓడిపోయారు. తర్వాత ఊరి కౌన్సిల్ కొత్తవాళ్ల చేతికి పోయింది, ఆఖరికి 1984లో ఊరి పేరే రజనీష్ అయిపోయింది. మన చంద్రగిరి పేరు రాత్రికి రాత్రి మార్చేస్తే ఊరుకుంటామా, చెప్పండి.

ఆశ్రమంవాళ్ల భయం కూడా ఉత్తదేం కాదు. 1983లో పోర్ట్‌లాండ్‌లో ఆశ్రమంవాళ్ల హోటల్లో బాంబు పేలింది. పెట్టింది యాంటిలోప్ వాళ్లు కాదు, దానికీ దీనికీ సంబంధమే లేదు, కానీ ఆ పేలుడు తర్వాత ఆశ్రమంలో తుపాకులు పెరిగాయి, అవి చూసి ఊరివాళ్లు ఇంకా బెదిరారు. ఒకరి భయం ఇంకొకరికి సాక్ష్యం అయిపోయింది. 1984 శరత్కాలంలో జిల్లా ఎన్నికలు దగ్గరపడినప్పుడు ఊరి జనం ఓటుకి రాకుండా చేయాలని షీలా మనుషులు కొందరు ద డాల్స్ అనే పట్టణంలో పది హోటళ్లలో సలాడ్లలో సాల్మొనెల్లా అనే కడుపు జబ్బు తెచ్చే క్రిముల్ని కలిపారు. 751 మంది జబ్బుపడ్డారు. అదృష్టం, ఎవరూ చనిపోలేదు. ఏడాదికి షీలా దేశం వదిలిపోయింది, తర్వాత పట్టుబడి జైలుకెళ్లింది, రజనీష్‌నీ దేశం నుంచి పంపేశారు. 1985 నవంబరులో ఊరికి మళ్లీ యాంటిలోప్ పేరు వచ్చింది. ఆ ఆశ్రమంలో పొలం దున్ని, వంట చేసి, ఇది నా ఇల్లు అనుకున్న వేలమందికి ఈ విషం సంగతే తెలీదు. వాళ్ల ఏడుపు కూడా సినిమాలో ఉంది, అది చూసి నాకు గొంతు పట్టేసింది.

కొత్తవాళ్లంటే తప్పు, ఊరంటే ఒప్పు అని నేను చెప్పడం లేదు. మన ఏర్పేడు వ్యాసాశ్రమం చూడండి. దాన్ని పెట్టిన మలయాళ స్వామి కులం చూడకుండా, ఆడవాళ్లని కూడా కూర్చోబెట్టి వేదాంతం, సంస్కృతం చెప్పించారు. ఆ రోజుల్లో ఛాందసులు దాన్ని గట్టిగా తప్పుపట్టారు. అప్పుడు ఎవరైనా కెమెరా పట్టుకుని తప్పుపట్టినవాళ్ల మాటలే తీసి ఉంటే మనకి ఏం తెలిసేది?

నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. కొర్లగుంటలో మా వీధిలో కొన్నేళ్ల కిందట ఒక పాత మేడ అద్దెకు తీసుకుని ధ్యానం చేసుకునేవాళ్లు దిగారు. తెల్లబట్టలు, మెత్తని మాట, ఎవరి జోలికీ పోరు. ఆదివారం పొద్దున మాత్రం నూరు మందికి పైగా వచ్చేవాళ్లు. వాళ్ల చెప్పులు మొదట మెట్ల మీద ఉండేవి, తర్వాత గోడ పక్కకి వచ్చాయి, తర్వాత మా గేటు ముందుకి. మా నాన్నకి అప్పుడే కంటి ఆపరేషన్ అయింది. పాల ప్యాకెట్ కోసం గేటు తీసి అడుగు బయట పెట్టాడు, ఒక రబ్బరు చెప్పు మీద కాలు జారి కింద పడ్డాడు. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. కానీ ఆ రోజు నాకొచ్చిన కోపం అంతా ఇంతా కాదు.

సాయంత్రానికి అర్జీ రాశాం, ఇరవై రెండు ఇళ్ల సంతకాలు. నేనే రాశాను. ఎదురింటి అక్క సంతకం పెట్టబోయి, కళ్లద్దాలు సర్దుకుని మొత్తం చదివింది. "ఇందులో చెప్పుల మాట యాడుంది నాయనా?" అంది. చూస్తే నిజంగానే లేదు. అనుమానాస్పద కార్యకలాపాలు అని రాశాను, బయటి వ్యక్తుల సంచారం అని రాశాను, వీధి ఆడపిల్లల భద్రత అని కూడా రాశాను. చెప్పులని మాత్రం రాయలేదు. చిన్నగా ఉంటుందని. "చెప్పులు గేటు ముందర ఇడస్తాండారని ఎవరన్నా పొయ్యి చెప్పినారా?" అని అడిగింది. ఎవరూ చెప్పలేదు.

మరుసటి ఆదివారం అక్కా నేనూ పోయాం. లోపలికి పోవడం అదే మొదటిసారి. చాపలు, ఒక ఫోటో, మూలన నీళ్ల క్యాన్, అంతే ఉంది. తలుపు దగ్గర కూర్చున్న పెద్దావిడ మా మాట వినగానే చేతులు జోడించి, "మీ నాయనకి ఇప్పుడెట్లుంది?" అని అడిగింది. వారానికల్లా లోపలి వరండాలో ఇనుప స్టాండ్ వచ్చింది. బండ్ల గొడవ మాత్రం తెగలేదు, దాని మీద చాలాసార్లు గట్టిగానే అనుకున్నాం, వాళ్లు ఖాళీ చేసిపోయేదాకా.

అందుకే ఇలాంటి డాక్యుమెంటరీలు తీసే పిల్లలు మన జిల్లాల్లో ఎవరైనా వింటుంటే వాళ్లని ఒకటి అడుగుతున్నాను. గురువుగారి కార్లు, కోర్టు మెట్లు అందరూ తీస్తారు. మీరు పక్కింటి వంటగదిలో ఒక గంట కూర్చోండి, తర్వాత లోపల చాప మీద ఇంకో గంట కూర్చోండి. మొట్టమొదట మీకు ఏం ఇబ్బందయింది, ఆ సంగతి ఎవరికి చెప్పారు అని ఇద్దరినీ అడగండి. బోరు నీళ్లా, దారా, మైకా, చెప్పులా అన్నది వాళ్లే చెప్తారు. ఆ తర్వాత అర్జీ తెప్పించుకుని, అందులో ఏం రాసుందో చదవండి.