మైకులో కాదు, మినిట్స్‌లో మాట్లాడండి

అందరికీ నమస్కారం.

ఓటు వేయాలంటే పద్దెనిమిదేళ్లు నిండాలి. ప్రాజెక్టుల పర్యావరణ అనుమతి కోసం జరిపే ప్రజాభిప్రాయ సేకరణలో నోరు విప్పడానికి ఆ నిబంధన లేదు. 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర నోటిఫికేషన్ సభకు వచ్చిన ప్రతి ఒక్కరికీ అడిగే అవకాశం ఇవ్వాలంది, వయసు ఊసెత్తలేదు. ఇంటర్ చదివే అమ్మాయి మైకు అడిగితే ‘పెద్దవాళ్లను పంపమ్మా’ అనేవాళ్లుంటారు. నోటిఫికేషన్ కాపీ చేతిలో పెట్టుకుని వెళ్లండి.

2017లో ఉత్తరాఖండ్‌కు చెందిన తొమ్మిదేళ్ల రిధిమా పాండే వాతావరణ మార్పుపై, పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లింది. అనుమతులిచ్చేటప్పుడు వాతావరణ మార్పుపై దేశాలు చేసుకున్న పారిస్ ఒప్పందాన్ని పట్టించుకోవడం లేదని అనుకోవడానికి కారణం లేదంటూ 2019లో ట్రైబ్యునల్ ఆ పిటిషన్ కొట్టేసింది. అంటే పట్టించుకోలేదని కాగితం మీద చూపించే పని మనదే. ఎక్కడ చూపిస్తాం? మన మండలంలో వచ్చే ప్రాజెక్టు నివేదికలోనే.

సభ ప్రకటన ఒక జాతీయ దినపత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో రావాలి. అక్కడి నుంచి కనీసం 30 రోజులు గడువు. ప్రాజెక్టు వల్ల పర్యావరణం మీద పడే ప్రభావం చెప్పే ముసాయిదా నివేదికను కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, పంచాయతీ ఆఫీసులో చూడొచ్చు. తెలుగులో దొరికేది సారాంశం. అది చదివి ఊరుకోవడమే మొదటి పొరపాటు. అసలు నివేదికను నలుగురూ అధ్యాయాలవారీగా పంచుకోండి.

‘మా భవిష్యత్తును నాశనం చేయొద్దు’ అంటే చప్పట్లు పడతాయి. సభలో జరిగింది రాసే అధికారిక రికార్డులో, అంటే మినిట్స్‌లో మాత్రం ‘వ్యతిరేకించారు’ అన్న ముక్కే మిగులుతుంది. లెక్క అడిగితే అలా దాటేయలేరు. ఉదాహరణకు 800 మెగావాట్ల బొగ్గు యూనిట్ 85 శాతం సామర్థ్యంతో ఏడాదంతా నడిస్తే సుమారు 596 కోట్ల యూనిట్ల కరెంటు వస్తుంది. ఒక్కో యూనిట్ కరెంటుకు 0.9 కిలో చొప్పున వేసుకున్నా కార్బన్ డయాక్సైడ్ 53 లక్షల టన్నులు దాటుతుంది. పొగగొట్టం ఎత్తు, బూడిద, గంధకం లెక్కలు నివేదికలో రాస్తారు. ‘ఈ కార్బన్ డయాక్సైడ్ అంకె ఏ పేజీలో ఉంది?’ అని అడగండి. భూగర్భజలాల కొలతలు ఏ నెలల్లో తీశారో, వర్షపాతం లెక్కలు ఏయే సంవత్సరాలవో కూడా అడగండి. లేవనెత్తిన పర్యావరణ అంశాలకు కంపెనీ తుది నివేదికలో జవాబివ్వాలి.

ప్రశ్నలు రెండు ప్రతులు రాసుకెళ్లి ఒకటి కాలుష్య నియంత్రణ మండలి ప్రతినిధికిచ్చి, రెండోదాని మీద తేదీతో సంతకం తీసుకోండి. చివర్లో సభ సారాంశాన్ని తెలుగులో చదివి వినిపించి, అధ్యక్షత వహించిన అధికారి అదే రోజు సంతకం పెట్టాలి. సరిగ్గా అప్పటికే జనం భోజనాలకు లేచిపోతారు. మీరు లేవొద్దు. మీ ప్రశ్న చదవకపోతే అక్కడే చెప్పి రాయించండి.

బహిష్కరణ నాకు నచ్చదు. ఈ సభకు కోరం, అంటే ఇంతమంది ఉండాలన్న నిబంధన లేదు, ఖాళీ కుర్చీల ముందైనా తంతు పూర్తవుతుంది.

2006 నోటిఫికేషన్ స్థానంలో తేవాలనుకున్న 2020 ముసాయిదా నోటిఫికేషన్ సభ ప్రకటన తర్వాతి ఆ 30 రోజులను 20కి కుదించబోయింది. అది కూడా ఇంగ్లిషు, హిందీల్లోనే వచ్చింది. ఇతర భాషల్లోకి అనువదించమని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. లక్షల్లో అభ్యంతరాలు వెళ్లాయి, పంపినవాళ్లలో విద్యార్థులు చాలామందే.

అనుమతి వచ్చేస్తే ట్రైబ్యునల్‌లో అప్పీలుకు 30 రోజులు. తగిన కారణం చూపితే మరో 60, ఆపైన ఒక్క రోజు కూడా ఇవ్వరు. మన రెండు రాష్ట్రాలకూ ట్రైబ్యునల్ బెంచి చెన్నైలో ఉంది. అనుమతి ఎప్పుడిచ్చారో కేంద్రం పర్యావరణ అనుమతుల వెబ్‌సైటు పరివేశ్ పోర్టల్‌లో వారానికోసారి చూసే బాధ్యత ఒకరికి ఇవాళే అప్పగించండి.