లారీ పక్క సందులో దూరకండి

శ్రోతలకు నమస్కారం. హైదరాబాద్‌లో సైకిల్ అనగానే ఇప్పుడు చాలామందికి ఔటర్ రింగ్ రోడ్డు పక్కనున్న ట్రాక్ గుర్తొస్తుంది. 23 కిలోమీటర్లు, పైన సోలార్ పలకల నీడ, 2023లో తెరిచారు. సంతోషం. కానీ పొద్దున్నే పనికి పోయే మేస్త్రీకి, డ్యూటీకెక్కే వాచ్‌మన్‌కు అది దారిలో తగలదు. వాళ్లు తొక్కేది మెహిదీపట్నంలో, అమీర్‌పేటలో, బస్సుల పక్కనే. ఈ రోజు నా మాటలు వాళ్ల కోసం. ఒక్క విషయమే చెబుతాను.

మా కాలనీలో ఒక పెద్దాయన ఉన్నారు. చాలా ఏళ్లు లారీ నడిపారు. ఓ ఆదివారం మా వీధి చివర ఇసుక లారీ ఆగి ఉంటే, లారీ వాళ్లను అడిగి, పిల్లల్ని పిలిచారు. ఒకణ్ణి డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టారు. ఇంకొకణ్ణి సైకిల్‌తో సహా క్లీనర్ సైడు, అంటే ఎడమవైపు, ముందు చక్రం పక్కన నిలబెట్టారు.

"వాడు కనబడుతున్నాడా?"

సీట్లో ఉన్నవాడు మెడ చాచాడు, అద్దంలోకి చూశాడు. "లేడు తాతా, వెళ్లిపోయాడు" అన్నాడు. కిందవాడు చెయ్యి ఊపుతూనే ఉన్నాడు!

తర్వాత పిల్లలందర్నీ దూరంగా అరుగు మీదికి ఎక్కించి, ఎడమ టైర్ల మీద బకెట్‌తో నీళ్లు పోయించారు. లారీని మెల్లగా ఎడమకు తిప్పించారు. సిమెంట్ రోడ్డు మీద రెండు తడి గీతలు పడ్డాయి. వెనక టైరు గీత ముందుదానికి లోపలగా, దాదాపు మూడడుగుల ఎడంగా ఉంది. ముందు చక్రం దాటిపోగానే గండం తప్పిందనుకుంటాం. వెనక చక్రం వచ్చేది మనం నిలబడ్డ చోటికి. సరిగ్గా మనం నిలబడ్డ చోటికి.

బస్సుదీ అదే తీరు. అందుకే సిగ్నల్ దగ్గర, ముఖ్యంగా ఫ్రీ లెఫ్ట్ ఉన్నచోట, పెద్ద బండికీ ఫుట్‌పాత్‌కీ మధ్య దూరకండి. సందు ఎంత ఖాళీగా ఉన్నా దూరకండి. వెనకే ఆగండి. అద్దంలో డ్రైవర్ ముఖం మీకు కనబడటం లేదంటే, మీరూ ఆయనకు కనబడటం లేదనే అనుకోండి. మీ వెనక బైకులవాళ్లు హారన్ కొడతారు. కొట్టనివ్వండి, టెన్షన్ పడకండి.

ఒక్కోసారి మనం ఆగి ఉండగా బండే మన పక్కకొచ్చి తిరగడం మొదలుపెడుతుంది. అప్పుడు దానికంటే ముందు పోదామని తొక్కవద్దు. దిగి, ఫుట్‌పాత్ ఎక్కేయండి. సైకిల్ చేతికందితే లాగండి, లేదంటే అక్కడే వదిలేయండి.