తాబేలు ఎవరి చుట్టం?

(శ్రీకాకుళంలో విద్యార్థులు, సైన్సు ఉపాధ్యాయుల సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

పోయిన ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున బారువ తీరానికి వెళ్లాను. రాత్రి ఆలివ్ రిడ్లీ తాబేలు ఒకటి గుడ్లు పెట్టి వెళ్లిన జాడ ఇసుకలో ఇంకా చెరగలేదు. చిన్న ట్రాక్టర్ ఏదో సముద్రంలోంచి వచ్చి మళ్లీ సముద్రంలోకే పోయినట్టుంది. గుడ్లను హేచరీకి తరలించడానికి వచ్చిన కుర్రాళ్లు ఇసుక గుంటలో చేతులు పెట్టి ఒక్కొక్క గుడ్డునే జాగ్రత్తగా తీస్తున్నారు. వంద దాటాయి. పక్కన నిలబడి చూస్తున్న ఒక చిన్న పాప నన్నడిగింది: "మాస్టారూ, తాబేలు చేపకు చుట్టమా, పాముకు చుట్టమా?"

"పాముకేనమ్మా, రెండూ సరీసృపాలే కదా" అన్నాను. బస్సెక్కాక నా జవాబు నన్నే గుచ్చింది. చేపతో పోలిస్తే పాము దగ్గరే, అది నిజం. కానీ తాబేలుకు పాముకన్నా దగ్గరి చుట్టం మన పెరట్లో తిరిగే కోడి. ఆ సంగతి చదివి కూడా, పాత అలవాటు కొద్దీ ఆ మాట అనేశాను. ఆ పాపకు నేను బాకీ పడ్డ జవాబు ఈ సాయంత్రం మీకు చెబుతాను.

చుట్టరికాన్ని మనం ఎప్పుడూ పోలికను బట్టి నిర్ణయిస్తాం. ముక్కు తండ్రిది, నడక మేనమామది అంటాం. జంతువులకూ, మొక్కలకూ పేర్లు పెట్టేటప్పుడు కూడా అదే పని చేశాం. కొన్నిసార్లు సరిగ్గా కుదిరింది. పలాస జీడిమామిడి నిజంగానే మామిడి కుటుంబంలోది. కొన్నిసార్లు కుదరలేదు. టెక్కలి దగ్గర తేలినీలాపురం వెళ్లినవాళ్లు గూడబాతులను చూసే ఉంటారు. అవి బాతులు కావు, బాతులకు దగ్గరి చుట్టాలూ కావు. అదే ఊళ్లో చింతచెట్ల మీద కనిపించే ఎర్రకాళ్ల కొంగనూ, పొలం గట్టు మీది తెల్లకొంగనూ మనం ఒకే పేరుతో పిలుస్తాం. పొడుగు కాళ్లు, పొడుగు ముక్కు, నీళ్లలో నిలబడి వేట. కానీ డీఎన్ఏ ప్రకారం తెల్లకొంగకు ఎర్రకాళ్ల కొంగకన్నా గూడబాతే దగ్గర. లోతు తక్కువ నీళ్లలో నిలబడి బతకాలంటే పొడుగు కాళ్లు కావాలి. ఆ అవసరం ఎవరికి వచ్చినా కాళ్లు అలాగే తయారవుతాయి. పోలిక బతుకుతెరువు వల్ల రావచ్చు, రక్తం వల్లే రానక్కర్లేదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ తామర, కలువ. రెండూ చెరువులోవే. మన కవులు ఒకదాన్ని సూర్యుడికీ, రెండోదాన్ని చంద్రుడికీ జత చేసి అక్కాచెల్లెళ్లలా చూశారు. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ కూడా 1753లో తామరను కలువల ప్రజాతిలోనే కలిపేశాడు. 1993లో పెద్ద శాస్త్రవేత్తల బృందం ఒకటి సుమారు 500 విత్తన మొక్కల నుంచి ఒకే జన్యువును తీసుకుని పోల్చింది. ఆకుల్లోని హరితరేణువుల్లో ఉండే ఆ జన్యువు పేరు ఆర్‌బీసీఎల్, పొడవు దాదాపు 1,400 అక్షరాలు. అందులోనూ, తర్వాత ఎన్నో జన్యువులతో కట్టిన వంశవృక్షాల్లోనూ (ఇక మీదట వీటిని చెట్లు అనే అంటాను) తామర కలువకు దూరంగా జరిగిపోయింది. ఈనాడు బతికున్న దాని దగ్గరి చుట్టాల్లో ఒకటి కాశ్మీర్ చినార్ చెట్టు! అంతేకాదు, మన ఉద్దానంలో ఉండే కొబ్బరి, మామిడి రెండూ తామరకు కలువకన్నా దగ్గరే. పూల మొక్కల వంశంలో కలువల కొమ్మ చాలా ముందే విడిపోయింది. తామర, కొబ్బరి, మామిడి ఉన్న కొమ్మ ఆ తర్వాత చీలింది.

ఈ మాట మొదటిసారి చదివినప్పుడు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. ఒకే చెరువులో ఆకు పక్కన ఆకు వేసుకుని ఉన్నాయి, చుట్టరికం మాత్రం గట్టు మీది కొబ్బరితో!

మరి అక్షరాలు చూసి దీన్ని ఎలా తేలుస్తారు? ఉపాధ్యాయులకు ఈ కిటుకు ముందే తెలుసు. పరీక్షలో ఇద్దరు పిల్లలు "పత్రహరితం" అని రాస్తే మీరేమీ అనుమానించరు. అది సరైన జవాబు, ఎవరైనా రాస్తారు. ఇద్దరూ "పత్రరహితం" అని రాశారనుకోండి. వెంటనే ఆ ఇద్దరూ ఏ బెంచీలో కూర్చున్నారో చూస్తారు. ఇద్దరూ సరిగ్గా రాస్తే ఏమీ తేలదు. ఇద్దరూ ఒకే తప్పు రాస్తేనే కాపీ బయటపడుతుంది. డీఎన్ఏ కూడా తరతరాలుగా కాపీ అవుతూ వస్తున్న రాతే. నాలుగే అక్షరాలు: ఏ, టీ, జీ, సీ. అప్పుడప్పుడూ ఒక అక్షరం మారుతుంది. ఆ మార్పు ఆ వంశంలో పుట్టినవాళ్లందరికీ దిగుతుంది.

బోర్డు చూడండి. ఇవి పాఠం కోసం నేను కల్పించిన అక్షరాలు, నిజం జన్యువు కాదు.

పైన్: ఏ సీ జీ టీ ఏ సీ జీ టీ
కలువ: ఏ సీ జీ టీ ఏ సీ జీ ఏ
తామర: జీ సీ జీ టీ ఏ టీ జీ టీ
కొబ్బరి: జీ ఏ సీ ఏ జీ టీ జీ టీ

తేడాలు లెక్కపెట్టండి. తామరకూ కలువకూ మధ్య మూడు, తామరకూ కొబ్బరికీ మధ్య నాలుగు. అయితే కలువే దగ్గర కదా అంటారు. తొందరపడకండి. అరకు కొండల్లో చూసే పైన్ చెట్టుకు పూలు ఉండవు, అది పూల మొక్కల వంశానికి బయటిది. అందుకే దాన్ని పక్కన నిలబెట్టాను. ఊళ్లో తగువు తీర్చడానికి పొరుగూరి పెద్దమనిషిని పిలిచినట్టు. ఆ పెద్దమనిషి దగ్గర ఉన్న అక్షరం సాధారణంగా పాత అక్షరం. తామర, కలువ కలిసి పంచుకున్నవన్నీ పైన్ దగ్గరా ఉన్నాయి, అంటే అవి పాతవి. పాతది ఇద్దరూ దాచుకున్నంత మాత్రాన చుట్టరికం తేలదు. ఇప్పుడు మొదటి అక్షరం, ఆరో అక్షరం చూడండి. తామరలోనూ కొబ్బరిలోనూ ఒకే కొత్త అక్షరం. అదీ "పత్రరహితం". కొబ్బరిలో మిగిలిన నాలుగు మార్పులు దాని సొంతం. అది త్వరత్వరగా మారింది, అంతే. దూరంగా కనిపించడం వేరు, దూరపు చుట్టం కావడం వేరు.

అక్షరాలు పోల్చేముందు వాటిని వరసలో పెట్టాలి. అదే సగం పని. "వంశధార" అనే పేరు రాస్తూ ఒకరు "శ" వదిలేసి "వంధార" అని రాశారనుకోండి. రెండిటినీ ఒకదాని కింద ఒకటి పెడితే మొదటి అక్షరం తప్ప ఏదీ కలవదు. "శ" కింద ఒక ఖాళీ వదిలితే మిగతావన్నీ సరిపోతాయి. డీఎన్ఏలోనూ అక్షరాలు ఊడిపోతాయి, కొత్తవి చేరతాయి. ఖాళీ ఎక్కడ వదలాలో తప్పితే తర్వాత ఎంత పెద్ద కంప్యూటర్ ఉన్నా వచ్చేది తప్పుడు చెట్టే. ఇంకో చిక్కు: ఒకే చోట అక్షరం మారి, మళ్లీ మారి, పాతదే తిరిగి రావచ్చు. కంటికి కనిపించే తేడాలు జరిగిన మార్పులకన్నా తక్కువ. దానికి 1969 నుంచీ గణిత సూత్రాలు ఉన్నాయి, వాటి జోలికి ఇప్పుడు పోను. ఒక్క లెక్క మాత్రం చెబుతాను. చెట్టుకు వేరు, అంటే అందరి మూలపురుషుడు, ఎక్కడో పట్టించుకోకుండా నాలుగు జాతులను కలిపే చెట్లు మూడే. పది జాతులకు 20,27,025. ఇరవై జాతులకు ఆ సంఖ్యలో 21 అంకెలుంటాయి. అందుకే ఇది కాగితం మీద తేలే పని కాదు.

ఇక తాబేలు దగ్గరికి వస్తాను.

1967లో వాల్టర్ ఫిచ్, ఇమాన్యుయేల్ మార్గోలియాష్ అనే ఇద్దరు అమెరికాలో ఒక పని చేశారు. అప్పటికి డీఎన్ఏ అక్షరాలు సులువుగా చదివే దారి లేదు, అది 1977లో సాంగర్ పద్ధతితో వచ్చింది. వాళ్లు సైటోక్రోమ్ సీ అనే ప్రోటీన్ తీసుకున్నారు. ఊపిరి పీల్చే జీవులన్నిటికీ కావలసిన చిన్న ప్రోటీన్ అది. మనిషిలో దానికి 104 అమైనో ఆమ్లాలు, అవి ప్రోటీన్‌కు అక్షరాల్లాంటివి. మనిషికీ చింపాంజీకీ ఒక్క తేడా కూడా లేదు, రీసస్ కోతికి ఒకటే తేడా. మనిషి నుంచి ఈస్టు దాకా 20 జీవులతో చెట్టు గీశారు. చాలా వరకు శరీర నిర్మాణం చెప్పినట్టే వచ్చింది. కొన్ని చోట్ల మాత్రం వింతగా వచ్చింది. కోడి బాతుతో కాకుండా పెంగ్విన్‌తో కలిసింది. కంగారూ ఉండాల్సిన చోట లేదు. తాబేలు పామును వదిలి పక్షుల పక్కన చేరింది. ఆ తేడాలను వాళ్లు దాచలేదు, పేపర్లోనే రాశారు. ఆ నిజాయితీ అంటే నాకు చాలా గౌరవం.

ఇప్పుడు చూస్తే కోడి విషయంలో ఆ చెట్టు తప్పు, కోడికి పెంగ్విన్‌కన్నా బాతే దగ్గర. కంగారూ విషయంలోనూ తప్పే. తాబేలు విషయంలో మాత్రం దాదాపు నిజం చెప్పింది! అదే ప్రోటీన్, అదే లెక్క. ఏ వింత తప్పో, ఏ వింత నిజమో ఆ ఒక్క చెట్టును ఎంతసేపు చూసినా తెలియదు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు. జన్యువుల దగ్గర ఆ మాట చెల్లదు. ఒక్కో జన్యువుకు ఒక్కో చరిత్ర, 104 అమైనో ఆమ్లాల్లో యాదృచ్ఛికంగా వచ్చిన మూడు నాలుగు మార్పులు చాలు చెట్టు తారుమారు కావడానికి. 1985లో జోసెఫ్ ఫెల్సెన్‌స్టీన్ ఒక పరీక్ష చెప్పాడు. అక్షరాల వరసలోంచి మళ్లీ మళ్లీ యాదృచ్ఛికంగా చీట్లు తీసినట్టు తీసి, ప్రతిసారీ చెట్టు కట్టి, ఒక కొమ్మ ఎన్నిసార్లు నిలబడుతుందో చూడమన్నాడు. అది కొంత ధైర్యం ఇస్తుంది. కానీ అసలైన మందు ఎక్కువ జన్యువులు చదవడమే.

తాబేలు పుర్రెలో ఒక విశేషం ఉంది. బల్లి, పాము, మొసలి, పక్షి, వీటన్నిటి పూర్వీకుల పుర్రెకు కళ్ల వెనక ఒక్కో పక్క రెండేసి కంతలు ఉండేవి. తాబేలుకు ఒక్కటీ లేదు. అందుకే దాన్ని సరీసృపాల్లో అన్నిటికన్నా ముందు విడిపోయిన పాత కొమ్మగా చాలాకాలం లెక్కించారు. 2012లో ఒక బృందం 248 జన్యువులతోనూ, ఇంకో బృందం జన్యుపదార్థంలోని వెయ్యికి పైగా చోట్లతోనూ విడివిడిగా చెట్లు కట్టారు. రెండిటిలోనూ తాబేలు మొసళ్లు, పక్షులు ఉన్న కొమ్మ పక్కనే నిలిచింది. బల్లులు, పాములు అవతలి కొమ్మ. మరుసటి ఏడు తాబేళ్ల పూర్తి జన్యుపటం చదివినవాళ్లూ అదే చెప్పారు. ఈ లెక్కన తాబేలు పుర్రె కంతలు తర్వాత మూసుకుపోయి ఉండాలి. 2015లో జర్మనీలో దొరికిన సుమారు 24 కోట్ల ఏళ్ల నాటి పాపోకెలిస్ అనే శిలాజాన్ని వర్ణించారు. తాబేలుగా మారుతున్న దశలోని జీవి అది. దాని పుర్రెకు కళ్ల వెనక రెండేసి కంతలు ఉన్నాయి.

అక్షరాలు చదివేవాళ్లు ఒక దారిన, రాళ్లు పగలగొట్టేవాళ్లు ఇంకో దారిన వెళ్లి ఒకే చోట కలిశారు. పిల్లలకు చెప్పాల్సిన సైన్సు ఇది. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకం నుంచి జీవపరిణామం భాగాన్ని తీసేసినప్పుడు నాకు చాలా బాధ కలిగింది. ఇక్కడున్న టీచర్లను చేతులెత్తి అడుగుతున్నాను, సిలబస్‌లో లేకపోయినా ఒక్క పీరియడ్ దీనికి ఇవ్వండి. తామర ఆకు ఒకటి, కలువ ఆకు ఒకటి పట్టుకెళ్లినా చాలు.

డిగ్రీ పిల్లలకు ఒక పని. జెన్‌బ్యాంక్ అనే ఆన్‌లైన్ భాండారంలో లోకంలోని డీఎన్ఏ వరసలు ఉచితంగా దొరుకుతాయి. చెట్టు కట్టే మెగా సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. ఆలివ్ రిడ్లీ తాబేలు, కోడి, మొసలి, బల్లి, నాగుపాము, వీటి సైటోక్రోమ్ బీ జన్యువు తీసుకోండి. కప్పను పొరుగూరి పెద్దమనిషిగా పెట్టడం మరవకండి. ఇది కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలోని జన్యువు, పాముల్లో ఇలాంటి జన్యువులు చాలా వేగంగా మారాయి, అందుకని పాము ఎక్కడో అడ్డదిడ్డంగా అతుక్కోవచ్చు. వచ్చిన చెట్టు వింతగా ఉంటే చెరిపేయకండి. అలాగే ప్రింట్ తీసి పట్టుకురండి, రెండో జన్యువు కలిపి చూద్దాం.