పాల కేంద్రానికి వెళ్లే ఒక్క ఫైలు: గో భాషపై నా సమీక్ష

నమస్కారం. తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను. మూడేళ్లుగా మా బృందం రోజూ వాడుతున్న గో ప్రోగ్రామింగ్ భాషను ఈ వీడియోలో సమీక్షిస్తాను. గోకు మారిన బృందాలను కారణం అడిగితే ముందుగా వేగం గురించే చెబుతాయి. ఆ మాట నిజమే కానీ, మమ్మల్ని ఈ భాష దగ్గర నిలిపింది ఒకరు రాసిన కోడ్‌ను మరొకరు తడుముకోకుండా చదవగలగడం, తయారైన ప్రోగ్రామ్‌ను ఇబ్బంది లేకుండా పల్లెకు చేర్చగలగడం.

మేము చిత్తూరు జిల్లాలోని పాల సేకరణ కేంద్రాలకు సాఫ్ట్‌వేర్ రాస్తాము. పలమనేరు వైపు పల్లెల్లో తెల్లవారకముందే రైతులు క్యాన్లతో వరుసలో నిలబడతారు. పాలు కొలిచి, వెన్న శాతం, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే ఇతర ఘన పదార్థాల శాతం) చూసి, ప్రతి ఒక్కరి చేతికీ చీటీ ఇవ్వాలి. అక్కడ ఉండేది ఆర్మ్ ప్రాసెసర్‌తో నడిచే చిన్న కంప్యూటర్, వస్తూ పోతూ ఉండే ఇంటర్నెట్. మా పాత ప్రోగ్రామ్ పైథాన్ అనే మరో భాషలో ఉండేది. ఒక కేంద్రంలో లైబ్రరీ (ప్రోగ్రామ్ వాడుకునే, ముందే రాసిపెట్టిన కోడ్) వెర్షన్ మారిపోయి, ఒక ఉదయం చీటీలు రాలేదు. రైతులు కాగితం మీద లెక్క రాయించుకొని వెళ్లవలసి వచ్చింది. ఆ తప్పు పైథాన్‌ది కాదు, దాన్ని సరిగా అమర్చని మాది. అయినా, అలాంటి తప్పుకు అవకాశమే తక్కువగా ఉన్న సాధనం కోసం ఆ రోజు నుంచే వెతకడం మొదలుపెట్టాము.

గోలో కంపైల్ చేసినప్పుడు, అంటే కోడ్‌ను కంప్యూటర్ నేరుగా నడపగల రూపంలోకి మార్చినప్పుడు, మన కోడ్, దానికి కావలసిన లైబ్రరీలు, నడిచేటప్పుడు తోడుండే రన్‌టైమ్ అన్నీ కలిసి ఒకే ఫైలుగా వస్తాయి. తిరుపతిలో నా ల్యాప్‌టాప్ మీదనే, ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌కు, ఏ ప్రాసెసర్‌కు అన్న రెండు విలువలు మార్చి కంపైల్ చేస్తే, పలమనేరులోని ఆ చిన్న కంప్యూటర్‌కు సరిపోయే ఫైలు తయారవుతుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి అక్కడ పెడితే చాలు. అయితే సీ భాషలో రాసిన లైబ్రరీని పిలవవలసి వస్తే ఈ సౌలభ్యం చాలావరకు పోతుంది. అందుకే ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ కోసం సీ అవసరం లేని డ్రైవర్‌ను (డేటాబేస్‌తో మాట్లాడే కోడ్‌ను) ఎంచుకున్నాము.

ఈ భాషను 2007లో గూగుల్‌లో రాబర్ట్ గ్రీస్‌మర్, రాబ్ పైక్, కెన్ థాంప్సన్ రూపొందించడం మొదలుపెట్టారు. భారీ ప్రోగ్రామ్‌లు కంపైల్ కావడానికి పట్టే సుదీర్ఘ సమయంతో విసిగిన అనుభవం వారిది. 2009 నవంబరులో అందరికీ విడుదలైంది. 2012లో 1.0 వెర్షన్‌తో పాటు, పాత కోడ్ కొత్త వెర్షన్లలోనూ కంపైల్ అయ్యేలా చూస్తామని మాట ఇచ్చారు. ప్రోగ్రామ్‌లను సర్వర్లపై అమర్చి నడిపే డాకర్, కుబర్నెటీస్ అనే సాధనాలను రాసినది ఈ భాషలోనే.

గోలో కీవర్డ్‌లు (భాష తనకోసం కేటాయించుకున్న పదాలు) 25 మాత్రమే. దిగుమతి చేసుకొని వాడని ప్యాకేజీ ఉంటే కంపైలర్ ముందుకు సాగనివ్వదు. కోడ్‌ను ఎలా అమర్చాలో గోఫ్మ్‌ట్ అనే పరికరమే నిర్ణయిస్తుంది కనుక ఖాళీల గురించి, బ్రాకెట్ల గురించి వాదనలకు తావు లేదు. కళాశాల నుంచి నేరుగా మా దగ్గర చేరిన అమ్మాయి, రెండో వారంలోనే నేను రాసిన ధరల లెక్కలో పొరపాటు కనిపెట్టి సరిచేసింది. నాకు అన్నిటికన్నా విలువైన పరీక్ష అదే.

తూకం యంత్రం, పాల పరీక్ష యంత్రం, ప్రింటర్, ఒక్కొక్కదానికి ఒక గోరూటీన్ (మిగతా పనులతో పాటు ఏకకాలంలో నడిచే తేలికైన పని) కేటాయించాము. ఒక్కొక్కటి సుమారు 2 కిలోబైట్ల స్టాక్‌తో (పని చేసుకోవడానికి ఇచ్చే మెమరీతో) మొదలవుతుంది కనుక చిన్న కంప్యూటర్‌కు భారం కాదు. రెండు గోరూటీన్లు ఒకే విలువను ఒకేసారి మార్చే తప్పును మాత్రం భాష ఆపదు. ఆ తప్పును పట్టే రేస్ డిటెక్టర్ అనే సాధనంతో పరీక్షలను నడపండి.

లోపాలు ఉన్నాయి. ఎర్రర్ రాగల ప్రతి ఫంక్షన్ పిలుపు తర్వాత ఎర్రర్ ఉందేమో చూసే మూడు వరుసలు పదే పదే రాయాలి. జెనరిక్స్ (ఒకే కోడ్‌ను వేర్వేరు రకాల డేటాకు వాడుకునే వీలు) కోసం 2022 దాకా ఆగవలసి వచ్చింది. నిల్ పాయింటర్ (దేన్నీ సూచించని ఖాళీ చిరునామా) ఇప్పటికీ నడుస్తున్న ప్రోగ్రామ్‌ను కూల్చగలదు.

సర్వర్లు, కమాండ్ లైన్ సాధనాలు, మా వంటి చిన్న యంత్రాల పని ఉన్న బృందాలకు గోను నిస్సంకోచంగా సూచిస్తాను. నెలవారీ పాల నాణ్యత విశ్లేషణను మాత్రం మేము నేటికీ పైథాన్‌లోనే చేస్తున్నాము. ఆ పనికి దాని లైబ్రరీలే మేలు, మార్చే ఆలోచన లేదు.