చూపు లేకుండా వండేవాళ్లకి ఏ వంటల పుస్తకం పనికొస్తుంది?

అందరికీ నమస్కారం. ఈ వీడియోని చూడకుండా వినేవాళ్లే ఎక్కువ ఉంటారు కాబట్టి, స్క్రీన్ మీద చూపించేదంతా మాటల్లో కూడా చెప్తాను.

చూపు లేనివాళ్లకి వంటల పుస్తకం అనగానే చాలామంది "బ్రెయిలీలో దొరుకుతుందా?" అని అడుగుతారు. నేను మాత్రం ముందు ఏదో ఒక వంటకం తీసి, అది అయిందని ఎలా తెలుసుకోమన్నారో చదువుతాను.

ఇప్పుడు నా ముందున్న పేజీలో "ఉల్లిపాయలు బంగారు రంగు వచ్చేదాకా వేయించాలి" అని ఉంది. అంతే! మంట ఎంత పెట్టాలో లేదు, ఎంతసేపో లేదు. మంచి పుస్తకమైతే ఇలా చెప్పాలి: తరిగిన ఉల్లిపాయలు మధ్యస్థమైన మంట మీద పది, పన్నెండు నిమిషాలు వేగాలి. మొదట్లో గట్టిగా వినిపించే చిటపటలు తడి ఆరేకొద్దీ తగ్గుతాయి. పచ్చి ఘాటు పోయి తియ్యటి వాసన వస్తుంది. కలుపుతుంటే ముక్కలు గరిటెకి మెత్తగా తగులుతాయి. ఇలా రాస్తే ఎవరైనా ధీమాగా వండుకోవచ్చు. 2012లో అమెరికా మాస్టర్‌షెఫ్ పోటీ గెలిచిన క్రిస్టీన్ హాకి చూపు దాదాపు లేదు. చెవి, ముక్కు, చెయ్యి, నాలుక ఎంత పని చేస్తాయో ఇంతకంటే ఏం చెప్పాలి?

మాంసం దగ్గర మాత్రం నేను అస్సలు రాజీపడను. "గులాబీ రంగు పోయేదాకా" అని వదిలేసే పుస్తకం వద్దు. కోడిమాంసం లోపల 74 డిగ్రీల సెల్సియస్ రావాలి. ఆ అంకె పుస్తకంలో ఉంటే మాట్లాడే థర్మామీటర్‌తో చూసుకోవచ్చు.

ఇక ఫార్మాట్. బ్రెయిలీలో చదవడం హాయే కానీ, మామూలు పుస్తకం ఒక్కటి బ్రెయిలీలో కొన్ని లావుపాటి సంపుటాలవుతుంది. ఆడియోలో కొలత కోసం వెనక్కి వెళ్లడం విసుగు. చూపు లేనివాళ్ల కోసం తయారుచేసిన డిజిటల్ ఆడియో పుస్తకాల ఫార్మాట్ డైసీ అయితే హెడ్డింగ్‌ల మీదుగా వెళ్లొచ్చు, అది నయం. నా ఓటు మాత్రం ఒక్కో వంటకానికీ సరైన హెడ్డింగ్ పెట్టిన ఈపబ్‌కే, అంటే ఆ రకం ఈ-బుక్ ఫైల్‌కే.

స్కాన్ చేసిన పీడీఎఫ్‌లతో జాగ్రత్త. కొన్ని వట్టి బొమ్మలే, తెర మీది అక్షరాల్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కి అందులో ఒక్క అక్షరం కూడా దొరకదు. అక్షరాలుగా మార్చినా, 1½ కప్పు కాస్తా 11/2 అయిపోయి "పదకొండు బై రెండు" అని వినిపించవచ్చు. ఉప్పు కొలతలో అలా జరిగితే వంటంతా పాడే. అందుకే కొనేముందు శాంపిల్ ఉంటే దింపుకుని, కొలతలున్న చోటే స్క్రీన్ రీడర్‌తో వినండి.

ఎవరికైనా గిఫ్ట్‌గా ఇవ్వాలనుకుంటే, ముందు వాళ్లనే అడగండి. పెద్దయ్యాక చూపు పోయినవాళ్లలో చాలామందికి బ్రెయిలీ రాదు. ఫోన్‌లో చదువుతారా, ఏ యాప్‌లో చదువుతారో కనుక్కుని అందులో తెరుచుకునే ఫైలే కొనండి.