గోరుచుట్టు అనుకుని గుచ్చకండి

శ్రోతలకు నమస్కారం.

పెదవి అంచున చిన్న నీటిపొక్కులు గుత్తిగా లేస్తే చాలామంది ఇట్టే గుర్తుపడతారు. అవే వేలి కొసన లేస్తే మాత్రం గోరుచుట్టు అనుకుంటారు. వేలు వాచి, సలుపుతూ రాత్రంతా నిద్ర పట్టనివ్వదు. సూదితో గుచ్చితే చీము పోయి హాయిగా ఉంటుందనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. ముందు మంచి వెలుతురులో వేలిని దగ్గరగా చూడండి. మామూలు గోరుచుట్టుకు గోటి పక్కన పసుపు చీము ఒకచోట చేరుతుంది. పెదవి మీద పొక్కులు లేపే హెర్పిస్ వైరస్ అయితే ఎర్రబడిన చర్మం మీద సన్నని పొక్కులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, లోపల తేట నీరు. రెండు మూడు రోజులకు ఆ నీరు మసకబారి చీములా కనిపిస్తుంది. పొరబడేది అక్కడే. దాన్ని కోస్తే నొప్పి తగ్గదు సరికదా, వైరస్ పాకవచ్చు, పుండులో వేరే సూక్ష్మజీవులూ చేరవచ్చు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. నోట్లో ఇవే పొక్కులున్న పిల్లలు వేలు చీకినప్పుడు కూడా ఇలా వస్తుంది. అందుకే పిల్లల వేలు వాస్తే నోరు కూడా తెరిచి చూడండి.

అరికాలి పులిపిరిదీ ఇదే తంతు. నడక బరువుకు లోపలికి అణిగిపోయి ఆనెకాయలా కనిపిస్తుంది. చర్మం గీతలు దాని దగ్గర తెగిపోతాయి, మధ్యలో నల్లని చుక్కలుంటాయి. అవి గడ్డకట్టిన సన్నని రక్తనాళాలు. బ్లేడుతో చెక్కకండి.

కన్ను ఎర్రబడి, చుక్కల మందు వేసినా వారాల తరబడి తగ్గకపోతే రెప్ప అంచు వెతకండి. మధ్యలో చిన్న గుంట ఉన్న ముత్యం లాంటి పొక్కు కనబడితే అది మొలస్కమ్ అనే వైరస్ పొక్కు కావచ్చు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది సర్పి, అంటే నరం వెంబడి పొక్కులు లేపే వైరస్ జబ్బు. నడుముకో, ఛాతీకో ఒకవైపే పట్టీలా వస్తే గుర్తుపడతాం. నుదుటి మీద వస్తే పోల్చుకోలేం. ముక్కు కొసన పొక్కు లేచిందంటే కంటికి ముప్పు ఉండవచ్చు. అక్కడికీ కంటికీ వెళ్లే నరం ఒకటే. చెవిలో పొక్కులు, విపరీతమైన పోటు, నోరు ఒక పక్కకు లాగడం కనిపిస్తే అదీ సర్పే కావచ్చు. వైరస్ మందులు పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తాయి. ఆ గడువు దాటినా సరే, కన్ను, చెవి దగ్గర వస్తే రేపటిదాకా ఆగకండి, ఆ రోజే డాక్టరుకు చూపించండి.